జోయెల్ ఎవరి పోలిక

“రక్తం ఇస్తే అన్నీ బయటపడతాయా మేడమ్?”

బ్యూలా ఆ మాట ఎంత మెల్లగా అడిగిందంటే, పక్కనే ఫోన్‌లో మాట్లాడుతున్న భర్త ఆశీష్‌కు కూడా వినబడలేదు. వసుధకు మాత్రం వినబడింది. సికింద్రాబాద్‌లోని ఆ క్లినిక్‌లో జన్యుపరీక్షల సంగతులు కుటుంబాలకు విడమరిచి చెప్పడమే ఆమె ఉద్యోగం.

ఐదేళ్ల జోయెల్ నేలమీద కూర్చుని తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు. వాడికి మాటలు రాలేదు. ఆటిజం అని డాక్టరుగారు ఆర్నెల్ల కిందటే తేల్చారు. కారణం వెతుకుదామని చేసిన పరీక్షలో ఒక జన్యువులో చిన్న మార్పు కనబడింది.

“ఆ మార్పే కారణమా, కాదా అన్నది ఇంకా తెలీదు,” అంది వసుధ, ఆశీష్ ఫోను పెట్టేశాక. “అది ఎవరినుంచి వచ్చిందో చూస్తే కొంత తేలుతుంది. బ్యూలాగారికి నాలుగో నెల కదా, పుట్టబోయే బిడ్డ కోసమైనా తెలుసుకోవడం మంచిది.”

“మా ఖాందాన్‌ల గిసొంటోళ్లు ఎవ్వలు లేరు మేడమ్,” అన్నాడు ఆశీష్. “అటు దిక్కు సుత లేరు. మా మామకు ఈమె ఒక్కతే బిడ్డ. మా మమ్మీ అయితే రోజూ ఒకటే పాట, వీనిల మన పోలిక ఒక్కటన్న లేదేందిరా అని.”

అని తనే నవ్వాడు. బ్యూలా నవ్వలేదు. ఆమె వేళ్లు చున్నీ కొసను మెలిపెడుతున్నాయి. అలాంటి వేళ్లను వసుధ ఈ కుర్చీలో కూర్చుని చాలానే చూసింది. ఫైలు ఆశీష్ చేతికిచ్చి, “కింద కౌంటర్లో స్టాంపు వేయించుకు రండి,” అని పంపించింది.

తలుపు మూసుకుంది.

“చెప్పండి బ్యూలాగారూ.”

“ఒకతను ఉన్నాడు మేడమ్. ఇక్కడే కార్ఖానా ఏరియాలో ఉంటాడు. ప్రతి శనివారం చర్చిలో పాటల ప్రాక్టీసని చెప్పి అతని దగ్గరికి వెళ్తాను. పెళ్లయి ఏడేళ్లు. ఆయనకు తెలీదు.”

వసుధ మొహంలో ఏ మార్పూ రానివ్వలేదు. ఉద్యోగం నేర్పిన విద్య అది.

“జోయెల్‌కి అతని పోలిక...”

“అచ్చం అతనే. ఆ కళ్లు, ఆ పెద్ద చెవులు. వాడు పుట్టిన రోజే చూసి నా గుండె జారిపోయింది.”

“మీ పుట్టింటివాళ్లకి తెలుసా?”

“దాచింది వాళ్లే కదా! అతనొకడున్నాడని తెలిస్తే ఈ సంబంధం కుదిరేదా? అతని పేరెత్తనని బైబిలు మీద చెయ్యి వేయించి మాట తీసుకున్నారు.” బ్యూలా తలుపు వైపు ఒకసారి చూసింది. “ఇంటినిండా మనుషులున్నారు. అయినా నాకెవరూ లేరు మేడమ్. అబద్ధంతో కాపురం చేసేదానికి ఎవరుంటారు చెప్పండి? వారానికి ఆ ఒక్క గంట అతని పక్కన కూర్చుంటాను. అప్పుడే కాస్త ఊపిరాడుతుంది. అతను ఏమీ అడగడు.”

వసుధకు జాలి వేసింది, లోపలెక్కడో చిరాకూ కలిగింది. పాపం ఆ స్టాంపు కోసం లైన్లో నిలబడ్డ మనిషి! ఆమె ముందు ఆ కుటుంబపు వంశవృక్షం గీసిన కాగితం ఉంది; అందులో మగవాళ్లు చతురస్రాలు, ఆడవాళ్లు సున్నాలు. బ్యూలా సున్నాకు దూరంగా పెన్సిల్‌తో ఒక చతురస్రం గీసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టింది.

“అతని రక్తం కూడా కావాలి. ఒప్పుకుంటాడా?”

“కాదనడు. ఇన్నేళ్లలో దేనికీ కాదనలేదు.”

“అయితే మీవారు లేనప్పుడు తీసుకురండి. గుట్టుగా కానిచ్చేద్దాం.”

బ్యూలా పొట్టమీద చెయ్యి వేసుకుంది.

“వద్దు మేడమ్. ఈ బిడ్డకు కూడా అబద్ధమే చెప్పమంటారా? ఆయన ముందే తీసుకొస్తాను. కాపురం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.”

శనివారం పొద్దున వసుధ గంట ముందే క్లినిక్‌కి వచ్చేసింది.

బ్యూలా ఆటో దిగింది. ఒక చేత్తో జోయెల్‌ని, ఇంకో చేత్తో ముప్పయ్యేళ్ల మనిషిని పట్టుకుని లోపలికి వచ్చింది. నూనె రాసి నున్నగా దువ్విన తల, మెడదాకా పెట్టిన గుండీలు. అతను ఎవరినీ పలకరించకుండా చివరి కుర్చీలో కూర్చుని, తిరిగే ఫ్యాను వంక చూడసాగాడు. ఎవరి దగ్గరికీ పోని జోయెల్ వెళ్లి అతని మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు.

రైల్వే ఆఫీసులో పర్మిషన్ పెట్టి ఆశీష్ వచ్చాడు. ముందు ఆ మనిషి చెవులు చూశాడు. తర్వాత కొడుకు చెవులు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏందిది బ్యూలా? ఎవలీయన?”

అందరూ తిరిగి చూశారు. బ్యూలా, వసుధ ముందున్న ఫారం లాక్కుని రాయడం మొదలుపెట్టింది. పేరు డేవిడ్ రాజు. వయసు ముప్పై ఒకటి. ‘పేషెంటుకు ఏమవుతారు’ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఆశీష్ ఆమె భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

‘మేనమామ’ అని రాసింది.