చేదు ఎరిగిన నాలుక

"మూటిలో ఒక్కటి తప్పినా, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు జగన్నాధం," అంటూ గోవిందరావు అంటించిన కవరును బల్ల మీద పెట్టాడు.

మూడు నేలవేము కట్టల్లో మందుసారం ఎంతెంతుందో అనూరాధ నిన్న యంత్రం మీద తేల్చిన కాగితం ఆ కవరులో ఉంది. విజయనగరంలోని ఆ మూలికల గోదాములో ఆమె చేరి రెండు నెలలైంది. అంతకు ముందు ముప్పై ఏళ్ళు అక్కడి యంత్రం జగన్నాధం నాలుకే. ఆకు నమిలి, చేదును బట్టి సరుకు కొనాలో వద్దో చెప్పేవాడు. అసలు యంత్రం వచ్చాక ఇంకా నాలుకెందుకన్నది షావుకారు గోవిందరావు ప్రశ్న.

కొన్నేళ్ళ కిందట ఒకే జ్వరం జగన్నాధాన్నీ, భార్య లక్ష్మణమ్మనూ పట్టింది. ఆవిడను తీసుకుపోయి, ఇతన్ని వదిలేసింది. అప్పట్నుంచి అతనికి ఇల్లయినా వాకిలైనా గోదామే. అది తెలిసిన అనూరాధకు, తన కాగితమే అతన్ని వీధిలోకి నెడుతుందేమోనని పొద్దుట్నుంచీ మనసు కుదురుగా లేదు.

జగన్నాధం మొదటి కట్ట విప్పాడు. రెమ్మను వేళ్ళ మధ్య తిప్పాడు. ఆకును కిటికీ వెలుతురుకు పట్టాడు.

"నమలవేటి?" అన్నాడు గోవిందరావు.

"నాలుకకి ముందు సేతికి పరిసయం సెయ్యాల బాబూ. సూపుల్లేకుండా పెళ్ళేటి?"

ఆకు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. చేరిన కొత్తలో అనూరాధ ఒక్క ఆకు కొరికి, సాయంత్రం దాకా మొహం ముడుచుకునే తిరిగింది. అతని నుదుట ముడత కూడా పడలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు మరి, అనుకుంది.

"ఎర్రనేల. నిండా ఎండలో పెరిగినాది. పూత మొదలెట్టగానే కోసీసారు. గట్టి సేదు. మూటిలోనూ ఇదే ముందుంటాది."

రెండో కట్ట వేళ్ళను గోటితో గీకాడు. తెల్లటి ఇసుక రేణువులు రెండు రాలాయి. ఆకు నమిలి ఉమ్మేశాడు.

"ఇత్తనం అదే. కానీ సముద్రం పక్క ఇసకలో, సరుగుడు సెట్ల నీడన పెరిగినాది. కాయ కట్టిందాకా ఉంచీసారు. సేదు సగానికి పడిపోనాది."

అది సముద్రపొడ్డు కళింగపట్నం నుంచి వచ్చిన కట్టే. అనూరాధ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

గోవిందరావు కళ్ళు చిట్లించాడు. "నువ్వు సూసి సెప్తన్నావు. అమ్మాయ్, మూడోదాన్ని పొడి కొట్టింది ఉందా? అదియ్యి. నాలుక సంగతేటో తేల్తాది."

జగన్నాధం చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. ఈ వయసులో ఈ మనిషికి ఈ పరీక్షలేమిటని అనూరాధకు మనసు చివుక్కుమంది. సొరుగులో ఇంకా చిటికెడు పొడి ఉంది. ఆ సొరుగును మోకాలితో మెల్లగా లోపలికి నెట్టింది.

"పొడంతా యంత్రంలోకి పోయిందండీ. ఇక మిగిలింది కట్టే."

జగన్నాధం మూడో కట్టలోని కాడల మీద బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగాడు. ఇంకో కాడ దగ్గర మళ్ళీ ఆగాడు. అప్పుడు నమిలాడు.

"ఇందులో సగం నేలవేమే కాదు బాబూ. దాని సుట్టం, వేరే జాతి. మనదాని కాడ నున్నగుంటాది, దీనికి నూగు. ఇంత పలసటి సేదు మందుకేటి పనికొస్తాది?"

గోవిందరావు కవరు చింపాడు. కాగితాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"మొదటిది ఎక్కువ. రెండోది అందులో సగం. మూడోది అందులోనూ సగం లేదు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏటి నాలుకయ్యా నీది! యంత్రం అంకె సెప్తాది గానీ, నేలా నీడా సెప్పదు. ఓపికున్నన్నాళ్ళూ ఇక్కడే ఉండు."

గోవిందరావు వెళ్ళాక అనూరాధ టీ పెట్టింది. గూట్లో రెండు తెల్ల డబ్బాలున్నాయి, ఒకటి టీలోకి, ఒకటి మధ్యాహ్నం ఆమె మజ్జిగలోకి. కంగారింకా తగ్గని చేత్తో ఒక డబ్బా అందుకుని, రెండు కప్పుల్లోనూ రెండేసి చెంచాలు వేసి కలిపింది. కట్టలకు చీటీలు కట్టే పనిలో పడి తన కప్పు పక్కన పెట్టింది.

జగన్నాధం ఊదుకుంటూ అడుగు దాకా తాగాడు.

"తీపి సరిగ్గా సరిపోనాదమ్మా. సేదు మింగినోడికి ఇంతకంటే ఏటి కావాల?"

కప్పు కడిగి బోర్లించి, కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అనూరాధ అప్పుడు తన కప్పు ఎత్తి ఒక గుక్క తాగింది.

రెండు చెంచాలూ ఉప్పే.