ఒకటి తీస్తే ఒకటి పెట్టాలి

సింధూజ వసారాలో కూర్చుని ఎండు మిరపకాయల ముచ్చికలు తీస్తోంది. పక్కన చాప మీద అక్క కూతురు నిద్రపోతోంది. ఒళ్లో ఫోన్ వెలుగుతోంది.

"ఏందే, ఎప్పుడూ దాంట్లోనే మొహం?" అంది ఆదిలక్ష్మమ్మ. సింధూజ అక్కకు అత్తగారు.

ఆట అని చెప్పింది సింధూజ. జియోక్యాచింగ్ అంటారు. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి, ఆ చోటు గుర్తును ఫోన్లో పెడతారు. మిగతావాళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. ముందు ఇంటి దగ్గరున్నవి వెతికి చెయ్యి తిరిగితే, తర్వాత ఏ ఊరు వెళ్లినా ఆడుకోవచ్చు. దొరికిన డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే, బదులుగా మనదొకటి పెట్టాలి. డబ్బాను మళ్లీ ఉన్నచోటే దాచాలి. రాళ్ల సందులోనో, చెట్టు తొర్రలోనో. భూమిలో మాత్రం పాతకూడదు.

ఆదిలక్ష్మమ్మ సగంలోనే వినడం మానేసింది.

"మీ అక్క గూడా ఇట్టాగే ఫోన్ పట్టుకుని తిరిగింది. చివరికేమైంది? బిడ్డను వదిలేసి ఎవడితోనో పొయ్యింది."

సింధూజ ఇంకో మిరపకాయ అందుకుంది. వేళ్లు మండుతున్నాయి.

అక్క స్వరూప కనిపించకుండా పోయి ఏడాది దాటింది. ఇక్కడ గురజాలలో తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట. ఎవడో ఉన్నాడు. లేకపోతే పెళ్లయిన పిల్ల బస్సెక్కి మాచర్ల, సాగర్ ఒక్కతే ఎందుకు వెళ్తుంది? చిలకలూరిపేట పెళ్లికి వెళ్లి, పందిట్లో ఉండకుండా హైవే పక్కన ఎందుకు తిరుగుతుంది? వచ్చిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒకటి. గాజుపూస, తాళాల గొలుసు, బొమ్మ కారు. ఎవడిచ్చాడని మొగుడు ప్రభు అడిగితే, దొరికిందని నవ్వేది.

ఈ ఆట సింధూజకు నేర్పింది స్వరూపే. అక్క వెళ్లింది డబ్బాల కోసమని సింధూజ తమ ఇంట్లో చెప్పి చూసింది. డబ్బాల కోసం ఆడది బస్సెక్కుతుందా అని పెదనాన్న కసిరాడు. పరువు పోతుందని ఎవరూ వెతకలేదు.

పసిదాన్ని చూసుకోవడానికి సింధూజ ఈ ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఆమెను ప్రభుకే ఇచ్చి చేయాలంటున్నారు. అక్క ఎక్కడుందో తెలిసేదాకా మెడ వంచనని ఆమె తేల్చి చెప్పింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ముహూర్తం మాట్లాడటానికి నాన్న, పెదనాన్న ఈరోజే శావల్యాపురం నుంచి వస్తున్నారు. దారిలో క్వారీ పక్కనున్న ప్రభు చేను చూసి వస్తారట. చూసి రమ్మని సింధూజే చెప్పింది.

చుట్టూ అందరూ మిరప వేస్తే, ఆ చేనొక్కటే ఈ ఏడాది బీడుగా ఉంది. బోరు ఎండిపోయిందన్నాడు ప్రభు. పక్క చేల బోర్లు పోస్తూనే ఉన్నాయి.

ప్రభుకు ఈ ఆట గురించి తెలిసింది ఈ మధ్యే. సింధూజ ఒకరోజు పిడుగురాళ్ల నుంచి నీలం పూస తెచ్చింది.

"ఎవరిచ్చారే?" అన్నాడు.

"డబ్బాలో దొరికింది బావా. ఒకటి తీస్తే ఒకటి పెట్టాలి. నా గాజు పెట్టి వచ్చా."

"అందరూ ఇట్టాగే తెచ్చుకుంటారా?"

"అందరూ."

ఆ పూసను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఆ పూట అన్నం కలిపి వదిలేశాడు.

తర్వాత ఆమె సొంతంగా డబ్బాలు దాచడం మొదలుపెట్టింది. మొదటిది పెరట్లోనే. ప్రభు వెటకారం చేశాడు. అయినా వెతికాడు. దొరక్కపోయేసరికి చిరాకుపడ్డాడు. "ఏడ పెట్టావో చెప్పవే" అని చెప్పేదాకా వదల్లేదు. బట్టలుతికే బండ కింద ఉంది. రెండోది కాలువ గట్టున పెట్టింది. అప్పుడూ అంతే, ఏ తూము దగ్గర, ఏ పక్కన అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆరా తీయకుండా ఉండలేని మనిషి.

బయట బండి ఆగింది. ప్రభు వచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. సింధూజ మిరపకాయల చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వడ్డించింది.

"మీ నాన్నోళ్లు ఎప్పుడొస్తారు?"

"పొద్దుగూకేలోపు వస్తారు." పప్పు వేసింది. "బావా, ఇంకో డబ్బా పెట్టా."

"ఈసారి ఎవరి కొంప ముందు?"

"మన చేలోనే. క్వారీ పక్క బీట్లో పాతిపెట్టా."

ముద్ద నోటి దగ్గర ఆగింది.

"నరసరావుపేట నుంచి నలుగురు వస్తారంట, రేపు పొద్దున్నే. కష్టమైన డబ్బాలంటే వాళ్లకి ఇష్టం. దొరికేదాకా చేనంతా తవ్వుతారు."

"తవ్వుకోనీయే," అంది వసారాలోంచి ఆదిలక్ష్మమ్మ. "ఊరికే పడున్న నేలేగా. కూలి లేకుండా గుల్లబారుద్ది."

పసిది చాప మీద ఒత్తిగిలింది. సింధూజ నెయ్యి గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

ప్రభు కంచంలోనే చెయ్యి కడిగాడు.

డబ్బా ఏ మూలన పాతావని ఒక్క మాటైనా అడగకుండా, గోడకు ఆనించి ఉన్న పార తీసుకుని గడప దాటాడు.