మూడొందల పద్దెనిమిదో ఓటు

అసెంబ్లీ ఎన్నికల పోలింగ్ బూత్‌లో అధికారి "మూడొందల పద్దెనిమిది" అని నంబరు చదవగానే, మా పార్టీ పంపినవాడు సిరా చుక్క కోసం దర్జాగా వేలు చాపాడు. అది మా నాన్న ఓటు.

మా పార్టీ ఏజెంటుని కాబట్టి నేను కిక్కురుమనకూడదు. పక్క కుర్చీలో ఎదుటి పార్టీ ఏజెంటు, మా తమ్ముడు. ఈ పార్టీల గొడవతోనే ఐదేళ్లుగా మాకు మాటల్లేవు.

వాడికంటే ముందు నేనే లేచాను. "దొంగ ఓటు సార్. ఆయన పోయి నెలైంది."

వచ్చినవాడు మెల్లగా జారుకున్నాడు. అధికారికి చిర్రెత్తింది.

"పోయినవాళ్ల పేర్లు కొట్టెయ్యడమే కదయ్యా మీ పని! ఏవీ మీ జాబితాలు?"

చూపించాం. నాన్న పేరు ఇద్దరమూ కొట్టెయ్యలేదు. నా జాబితాలో నాన్న పేరు పక్కన "మన ఓటే" అని రాసుంది. తమ్ముడి జాబితాలోనూ అదే రాసుంది.

"ఓటు నీకేరా, వాడికి చెప్పకు" అని నాన్న ప్రతిసారీ నా చెవిలో చెప్పేవాడు. వాడి చెవిలోనూ అదే చెప్పాడన్నమాట.

"ఇప్పుడైనా కొట్టెయ్యండి" అన్నాడు అధికారి.

తమ్ముడు పెన్ను తీశాడు. కాసేపు ఆ పేరు వైపే చూశాడు. తర్వాత పెన్నూ కాగితమూ నా ముందుకు జరిపాడు.

"నావల్ల కాదు. నువ్వే కొట్టెయ్యి అన్నయ్యా."