కంత లేని తెర

పెరట్లో ఓ పెట్ట రోజూ దుమ్ములో పొర్లి స్నానం చేసేది. ఏ పుంజూ తలెత్తి చూసేది కాదు. ఓ రోజు ఉడుత దాని ముందు టేకాకులతో తెర కట్టి, చిన్న కంత పెట్టింది. పుంజులన్నీ వచ్చి వరస కట్టాయి.

ఆ గుంపును చూసి తొండకు ఒళ్లు మండింది. పక్కనే ఇంకో పెట్టను పొర్లించి, తన తెరకు నాలుగు కంతలు పెట్టింది. పుంజులు ఇటు మళ్లాయి. ఉడుత పది పెట్టింది. తొండ పళ్లు నూరుతూ తన తెర మొత్తం పీకేసింది.

"ఓస్, రోజూ చూసే మన పెట్టేగా!" అని పుంజులు వెళ్లిపోయాయి.

మర్నాడు ఉడుత ఒక్క కంతా లేకుండా మందంగా తెర కట్టింది. పుంజులు మళ్లీ మూగాయి.

తొండ ఉడుత దగ్గరికి ఉరికి వచ్చింది. "లోపల ఏముంది?" అని గద్దించింది.

"నీ దగ్గర లేనిది" అంది ఉడుత.

తొండ ఉండబట్టలేక ఆకుల కిందనుంచి తల దూర్చింది. లోపల ఒట్టి దుమ్మే ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే, నిన్న ఉడుత తెర వెనక పొర్లిన పెట్టే పుంజులను తోసుకుంటూ వస్తోంది.

"నాకంటే అందగత్తె ఎవర్తే అది?"