జర బస్సు ఆపున్రి

రేగొండ దాటిందో లేదో, దీక్షిత మళ్ల తల్లి కొంగు గుంజింది.

"అమ్మా, ఒంటికి వస్తాంది."

"ఇప్పుడే కదనే పోయినవ్!" స్వరూప పండ్లు కొరికింది. "కండక్టరమ్మా, జర బస్సు ఆపున్రి."

ముందు సీటాయన ఊకుంటడా? "ఫ్రీ బస్సని చెట్టుచెట్టుకు ఆపుతరా?" అన్నడు.

కండక్టరమ్మ విజిలేసింది. "పెద్దమనిషీ, గదే నీకత్తె నన్ను ఆపుమనవా?"

బస్సంత నవ్వింది. ఆయన కిటికీ దిక్కు తిరిగిండు.

పిల్ల లేచేసరికే గౌను తడిసింది. ఏడుపందుకుంది.

కండక్టరమ్మ తన తువ్వాల తెచ్చి పిల్ల నడుముకు చుట్టింది. "బట్ట ఆరుతది, ఏడ్వకు బిడ్డా. ఏ క్లాసు?"

"బడి బందుపెట్టింది," తల్లి చెప్పింది. "పిల్లలు ఎక్కిరిస్తాండ్లు. ఎన్ని మందులేసినా గింతే. హన్మకొండ డాక్టరమ్మేమో నడుముకు కరెంటు మిషిన్ పెడ్తనంటాంది."

"పెట్టియ్యి అక్కా. ఏం కాదు."

స్వరూపకు ఒళ్లు మండింది. వాళ్లది చెల్పూరు. పెనిమిటి కరెంటు ప్లాంటుల కూలి. కరెంటంటే ఏందో వాళ్లింట్ల పిల్లికి గూడ ఎరుకే.

"దవాఖానోళ్లు నీకు కమీషన్ ఇస్తాండ్లా? నీ టికెట్లు నువ్వు కొట్టుకో!"

కండక్టరమ్మ ముఖం చిన్నబోయింది. హన్మకొండల తల్లీబిడ్డలు దిగేటప్పుడు పిల్ల బుగ్గ గిల్లి, "రైట్" అన్నది. బస్సు జనగామ దిక్కు పోయింది.

దవాఖానల స్వరూప కుండ బద్దలు కొట్టింది. "కరెంటద్దు మేడం. మందే రాయున్రి."

"మందుకు లొంగలేదు కదమ్మా. ఇది షాకు గాదు. చీమలు పాకినట్టుంటది, అంతే. ఎప్పుడువడితె అప్పుడు తొందరపెట్టే మూత్రం సంచి మెల్లమెల్లగ నిమ్మలమైతది."

"వద్దంటె వద్దు!"

"నేను పెట్టిచ్చుకుంట," దీక్షిత అన్నది. "ఏం కాదని సమ్మక్క చెప్పింది."

తల్లి ఉలిక్కిపడ్డది. "ఏ సమ్మక్కనే?"

"కండక్టరక్క. బ్యాడ్జి మీద పేరున్నది."

డాక్టరమ్మ ఆ పేరు విని, తువ్వాల చూసి నవ్వింది. "ఆమె గాక ఇంకెవరు చెప్తరు? మీ దిక్కు మొదలు ఈ మిషిన్ పెట్టింది ఆమెకే. నీ లెక్కనే బడి బందువెట్టి, ఇదే కుర్చీల కూసోని ఏడ్చింది. నా సంగతి అందరికి చెప్పున్రని ఆమెనే అంటది."

స్వరూపకు తల ఎత్తబుద్ధి గాలె. బస్సు ఈపాటికి ఘన్‌పూర్ దాటుంటది. వంగి, బిడ్డ నడుముకున్న తువ్వాల తనే విప్పింది.

"ఇప్పుడు ఆమెను చూడు," డాక్టరమ్మ మిషిన్ అందుకుంది, "భూపాలపల్లిల ఎక్కితె జనగామ దాక దిగనే దిగది."