ఉత్తుత్తి గంట

గంట మళ్లీ మోగింది. ఆమె సోల్డరింగ్ ఐరన్ పక్కన పడేసి, చెప్పులైనా వేసుకోకుండా వెనక గదికి పరుగెత్తింది.

"ఏంటి నాన్నా?"

"నేను నొక్కలేదమ్మా."

"కండక్టర్‌గారూ, స్టాపు రాకుండానే గంట కొడితే ఎలా?"

మంచంలోని తండ్రి సగం నోటితో నవ్వాడు. మిగతా సగాన్ని పక్షవాతం పట్టుకుపోయింది. ముప్పై ఏళ్లు బస్సులో గంట కొట్టిన చేతికి ఇప్పుడు వేళ్లలోనే కాస్త జీవం.

"నువ్వెళ్లు. జనం ఎదురుచూస్తుంటారు."

నిజమే. ముందుగదిలో నలుగురు పాడైన ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

"ఇది నాలుగోసారి అక్కా. ఇంట్లో దెయ్యముందా?"

"తీగలో ఉంది. మా నాన్న అబద్ధం చెప్పడు."

షాపు మూస్తే పొయ్యి వెలగదు. పేదింట్లో రోగి పక్కన కూర్చునేది గంటే. దాన్ని తనే తయారుచేసింది. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు షాపు బల్ల మీద, బటన్ ఉన్న రెండో బోర్డు నాన్న మంచం మీద, మధ్యలో పొడుగు తీగ. ఈ రెండు బోర్డులకే మాట కుదరడం లేదు.

వదులైన పిన్నులు మళ్లీ అతికించింది. తీగ మార్చింది. అడాప్టర్ మార్చింది. అయినా రోజుకు ముప్పైసార్లు ఉత్తుత్తి గంట. ఒక్కోటీ అర సెకను. పరుగెత్తి పరుగెత్తి మోకాళ్లు వాచాయి.

"ఈ దరిద్రపు గంట నా ప్రాణం తీస్తోంది నాన్నా!"

తండ్రి కళ్లు దించుకున్నాడు.

ఆదివారం కూర్చుని ప్రోగ్రాం మార్చిపారేసింది. రెండు సెకన్లకు తక్కువైతే ఉత్తుత్తిదే. జాబితాలో రాసుకో, మోగించకు.

"అవసరమైతే రెండు సెకన్లు నొక్కి పట్టుకో నాన్నా. సరేనా?"

"సరేనమ్మా. ఇక నీకు పరుగులుండవు."

గంట నోరు మూసుకుంది. ఐదు రోజులు ఆమె తలెత్తకుండా పని చేసుకుంది.

"దెయ్యం వదిలిందా అక్కా?"

"వదలకేం! వదిలించాను."

ఆరో రోజు మధ్యాహ్నం మందు వేయడానికి వెళ్తే తండ్రి ఒళ్లు చల్లబడి ఉంది. నిద్రలోనే పోయుంటాడన్నారు అందరూ. గంట మోగలేదు కదా, ఆమె కూడా నమ్మింది.

పది రోజుల తర్వాత ఖాళీ మంచం మీది బటన్ విప్పబోయింది. అదే తీగ, అదే కరెంటు. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఇంతకీ ఆ తప్పెక్కడుందో ఇప్పుడైనా పట్టుకుందామని, షాపులోకొచ్చి ఉత్తుత్తి గంటల జాబితా తెరిచింది.

రోజుకు ముప్పై చొప్పున పడుతూ వచ్చిన గంటలు, తండ్రి పోయిన రోజు పదకొండింటికి వరసపెట్టి పంతొమ్మిది పడి, ఆ తర్వాత ఈ పది రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి పడలేదు.