పోపులపెట్టెలో తేనెబుడ్డి

మా గాజువాకలో ఇప్పుడు తేనెబుడ్డి లేని చెవి లేదు. శనగగింజంత ఉంటుంది. చెవిలో పెట్టుకుంటే ఎదుటివాళ్ల తిట్టు కూడా ముద్దుమాటగా మారి వినబడుతుంది. మా పెళ్ళికి అత్తగారే మా ఇద్దరికీ చెరొకటి కొనిచ్చారు.

మొన్న స్నానానికి వెళ్తూ నాది తీసి, మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాను. గదిలోకి వచ్చిన మా ఆవిడ కుసుమ నవ్వుమొహంతో అంది: "తడి తువ్వాలు మళ్ళీ పరుపు మీదే పడేశావా, దున్నపోతా!"

ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నాకు వినబడింది 'తువ్వాలు ఆరేస్తావా, బంగారం' అని!

పోట్లాడదామంటే, తన చెవికి నా అరుపు కూడా తియ్యగానే చేరుతుంది కదా. సరే, ఈ సరదా ఏదో నేనూ చూస్తానని టిఫిన్ దగ్గర పళ్ళికిలించి అన్నాను: "నీ ఉప్మాతో గోడలు కట్టుకోవచ్చే, రాక్షసీ!"

తను కిసుక్కున నవ్వి, ఇంకో గరిటె వడ్డించింది.

ఆ తర్వాత నేను తేనెబుడ్డి ముట్టుకోలేదు. ఇవాళ ఏం తిడుతుందా అని పొద్దున్నే ఎదురుచూడడం అలవాటైంది. తువ్వాలు తీగెక్కుతోంది. విచిత్రం, ఉప్మా కూడా మెత్తబడింది.

ఇవాళ చారుకి పోపు పెడదామని పోపులపెట్టె తెరిస్తే, ఆవాల్లో కుసుమ తేనెబుడ్డి! పసుపు పట్టి, ఎప్పుడో పాడైపోయింది. అంటే నా మాటలన్నీ ఉన్నదున్నట్టే విందన్నమాట.

"దొరికాయా ఆవాలు?" హాల్లోంచి కేకేసింది.

తేనెబుడ్డిని వేలితో ఆవాల అడుక్కి నొక్కేశాను.

"ఆవాలే ఉన్నాయి, ఇంకేం లేవే రాక్షసీ!"

"నాకు తెలుసులే, దున్నపోతా. నూనె మాడుతోంది, చూసుకో."